రుసైల్‌లో ఆగిన పద్యం

నా చిన్నప్పుడు మేం ఒమాన్‌లోని నిజ్వాలో ఉండేవాళ్ళం. నాన్న అక్కడ బడిలో మాస్టారు. నాన్నకు అన్నగారు, మా పెదనాన్న, మస్కట్ దగ్గర రుసైల్‌లో ఒక గోడౌనులో స్టోర్ కీపరు. ఆయనకు పద్యనాటకాల పిచ్చి. గల్ఫ్‌కు బట్టల పెట్టె వదిలేసి హార్మోనియం మోసుకొచ్చాడని పెద్దమ్మ దెప్పేది. ఏటా "ఇదే ఆఖరు నాటకం" అనేవాడు, ఆ వెంటనే కొత్త తెర కుట్టించేవాడు. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట" అనేది పెద్దమ్మ.

పెదనాన్న నాటక సమాజం మస్కట్‌లో ఒక హాల్లో ఆడేది. కుటుంబాలవాళ్ళు టికెట్ కొనుక్కుని కార్లలో వచ్చేవారు. రుసైల్ ఫ్యాక్టరీల్లో పనిచేసే కరీంనగర్, నిజామాబాద్ వాళ్ళకు ఆ టికెట్టూ అందదు, తిరిగి వెళ్ళడానికి బస్సూ ఉండదు. వాళ్ళు రాలేకపోతే మనమే పోదామన్నాడు పెదనాన్న. రాజు వేషం కట్టే ఇంజినీరు గారికి అది నచ్చలేదు. ఒక్కసారికి ఒప్పుకుని, జనం నిలవకపోతే మళ్ళీ ఆ ఊసెత్తకూడదని మాట తీసుకున్నారు.

చలికాలం, శుక్రవారం సాయంత్రం. మేమూ నిజ్వా నుంచి వెళ్ళాం. ఆ పనివాళ్ళు ఉండే క్యాంపులో మెస్ బల్లలు కలిపితే అదే స్టేజీ. పరాయి రాజ్యంలో బందీ అయిన రాజు రాణిని తలుచుకునే కథ, పెదనాన్న రాసిందే. ఇంజినీరు గారు పద్యం పాడి, రాగం చివర చెయ్యెత్తి ఆగారు. హాల్లో అయితే అక్కడ "వన్స్ మోర్" అని కేకలు పడతాయి. ఇక్కడ ఆ అలవాటు ఎవరికీ లేదు. ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. ఎవరో దగ్గారు. వెనక వరసల్లో ఒక్కొక్కరే లేస్తున్నారు. పెదనాన్నను చూస్తే నాకు ఏడుపొచ్చింది.

"ఏం పాడుతుండో సమజైతలేదన్నా," అన్నాడు వెళ్తున్న ఒకాయన.

పెదనాన్న హార్మోనియం ఆపేశాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన మాత్రం మెస్‌లో వంట చేసే హైదరాబాదు మామను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, కథ చెవిలో చెప్పి, ప్రతి పద్యానికి ముందు జనానికి నీ మాటల్లో చెప్పమన్నాడు.

"పద్యం పరువు పోతుందండీ," అన్నారు ఇంజినీరు గారు.

"పద్యంలో అక్షరం మార్చనండీ. ముందు వాళ్ళని అందులోకి రానివ్వండి."

మామ గొంతు సవరించుకున్నాడు. "దేఖో భాయ్, రాజు జైల్ల ఉన్నడు. ఘర్‌వాలీ యాద్ ఆరై. రెండేండ్లాయె పెండ్లాం మొఖం చూడక. ఇగ గదే పాడ్తడు, ఇనుండ్రి."

లేచినవాళ్ళు నిలబడిపోయారు. ఇంజినీరు గారు అదే పద్యం మళ్ళీ ఎత్తుకున్నారు. ఈసారి ఎవరూ కదల్లేదు. అయిపోయాక కేకల్లేవు, చప్పట్లూ లేవు. నెరిసిన గడ్డం పెద్దమనిషి ఒకాయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "ఇంకోపారి పాడు బిడ్డా," అన్నాడు. ఇంజినీరు గారు పాడారు.

తర్వాతి ఏళ్ళలో ఆ సమాజం బహ్లాకూ, మా నిజ్వాకూ టికెట్ లేకుండానే వచ్చింది. ముందు మామ మాట, వెనక పద్యం, అదే పద్ధతి అయింది. కొన్నాళ్ళకు హాల్లోని కుటుంబాలవాళ్ళు కూడా మామ కావాలన్నారు. ఇన్నేళ్ళూ వన్స్ మోర్ అని అరిచినవాళ్ళకూ సగమే అర్థమయ్యేదట!

ఈ వయసులోనూ పిల్లలకు సంగీతం చెబుతున్నాను. ఎవరైనా దిక్కులు చూస్తే, "వీళ్ళకు రుచి లేదు" అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. అప్పుడు పాట ఆపేస్తాను. అందులో ఎవరు ఎవరికోసం ఏడుస్తున్నారో ముందు చెబుతాను. ఆ తర్వాత పాట మొత్తం పాడతాను, ఒక్క చరణం కూడా తగ్గించకుండా.