క్లారినెట్ కోసం ఆగిన పాట

సౌదీ అరేబియాలో అల్ ఖోబర్‌లోని అజీజియాలో నేను ఏసీ మెకానిక్‌గా పనిచేసే రోజుల్లో మా గదికి పై అంతస్తులో ఒక కర్నూలు కుటుంబం ఉండేది. కొడుకు ఒక కంపెనీలో అకౌంటెంటు. భార్యాపిల్లలతో పాటు తల్లిదండ్రులను కూడా తెచ్చుకున్నాడు. ఎనభై దాటిన ఆ తండ్రిని నేను చాచా అని పిలిచేవాణ్ణి. సాయంత్రం నమాజు నుంచి వస్తూ మెట్ల మీద ఆగి, తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని నాతో కబుర్లు చెప్పేవారు.

వయసులో ఉన్నప్పుడు ఆయన మద్రాసు రేడియోలో పాడేవారట. ఆరుగురు వాయిద్యగాళ్లతో సొంత బ్యాండు ఉండేదట. స్టూడియోలో ఎర్రదీపం వెలగగానే పాట నేరుగా ఊళ్లకు వెళ్లిపోయేది. పాటను రికార్డు చేసి ఉంచుకునే ఏర్పాటు లేదు. గొంతెత్తితేనే పాట అనుకునే ఆ రోజుల్లో ఆయన మైకుకు బాగా దగ్గరగా నిలబడి, పక్కనున్న మనిషికి చెబుతున్నట్టు మెల్లగా పాడేవారు. ఇదేం పాట, గుసగుసలాడుతున్నాడని పెద్దలు వెక్కిరించారు. అయినా రేడియో ఉన్న ఇంటి ముందు జనం గుమిగూడేవారని ఆయన భార్య చెప్పింది. పెళ్లికి ముందు ఆమె కూడా పక్కింటి గోడకు ఆనుకుని విన్నదే.

"మరి పాటెందుకు మానేసిండ్రు చాచా?" అని ఒకసారి అడిగాను.

స్టేషన్ వాళ్లు బయటి బ్యాండ్లను ఆపేసి, ఆయన ఒక్కరికే ఉద్యోగం ఇస్తామన్నారట.

"ఆరుమందిని ఎంటబెట్టుకొని లోపలికి పోయినోణ్ణి నాయనా. ఇప్పుడు ఒక్కణ్ణే పోయి యాడ నిలబడేది?" అన్నారు.

కొన్నాళ్లు అందరూ కలిసి పెళ్లిళ్లకు వాయించారు. ఒక్కొక్కరే వేరే పనులు చూసుకున్నారు. చివరిదాకా మిగిలిన క్లారినెట్ మిత్రుడు జబ్బుచేసి చనిపోయాక, చాచా బస్సు డిపోలో గుమాస్తాగా చేరారు. మళ్లీ పాడలేదు. కొడుకు అప్పటికింకా పుట్టలేదు.

కంపెనీల్లో సౌదీవాళ్లు ఇంతమంది ఉండాలనే నితాఖత్ రూలులో ఆ కొడుకు కంపెనీ అట్టడుగున, ఎరుపులో పడింది. విదేశీ సిబ్బందిని తగ్గించారు. మిగిలినవాళ్లకు సెలవురోజైన శుక్రవారం కూడా డ్యూటీ. అంతలో వెంట ఉన్న కుటుంబంలో ఒక్కో మనిషి మీదా నెలకింత కట్టాలని సర్కారు లెవీ వచ్చింది. ఏటేటా పెరుగుతుందన్నారు. తనొక్కడే ఉండి, అందరినీ ఎగ్జిట్ మీద, మళ్లీ తిరిగి రాకుండా, ఊరికి పంపేయడానికి అతను సిద్ధపడ్డాడు.

ప్రయాణానికి ముందరి శుక్రవారం సామాన్లు కట్టడానికి పైకి వెళ్లాను. కొడుకు డ్యూటీలో ఉన్నాడు. మంచాలు అమ్మేసిన గదిలో గోడవారగా అట్టపెట్టెలు. ఉన్నట్టుండి చాచా భార్య, ఆ పెద్దావిడ, ఆయనతో "ఇంగ ఈ ఇంట్లో ఉండేదెన్నాళ్లు? ఒక పాట పాడు" అంది.

ఆయన కాదంటారనుకున్నాను. ఆమె వైపు చూసి, నాతో "ఆ ఏసీ ఆపు నాయనా. దాని శ్రుతి దానిది" అన్నారు.

వాన కోసం ఎదురుచూసే పిల్ల పాట అది. గొంతు వణికింది గాని శ్రుతి తప్పలేదు. ఒక చరణం పాడి ఆగారు. మరిచిపోయారేమో అనుకున్నాను. ఆయన ఎడమచెయ్యి కొంచెం ఎత్తి, ఎవరికో సైగ చేస్తున్నట్టు గాలిలో ఉంచారు. అప్పుడు ఆ పెద్దావిడ నోరు తెరవకుండానే క్లారినెట్ వాయించాల్సిన వరసను హమ్ చేసింది. అది ముగిశాక ఆయన రెండో చరణం అందుకున్నారు. కోడలు పెట్టెల పక్కనే కూర్చుండిపోయింది. పిల్లలు కదల్లేదు. చెమటలు కారుతున్నా ఎవరికీ ఏసీ గుర్తు రాలేదు.

వాళ్లు వెళ్లాక కొడుకు మా గదిలోకి మారాడు. చలికాలంలో కర్నూలు నుంచి ఫోనొచ్చింది. చాచా పోయారు. కంపెనీ ఎరుపులో ఉండడంతో అతని ఇకామా, అంటే అక్కడ ఉండే పర్మిట్టు, రెన్యువల్ కాలేదు. అది లేకుండా దేశం దాటనివ్వరు కాబట్టి వెళ్లి మట్టి వేయడానికి దారి లేకపోయింది. గదిలో అందరం అతని చుట్టూ కూర్చున్నాం.

మూడో రోజు నన్ను పక్కకు పిలిచాడు.

"మా నాయన ఆ పొద్దు ఎట్ల పాడినాడన్నా?"

నాకు పాడడం రాదు. గుర్తున్న మాటలన్నీ చెప్పాను. ఎక్కడ ఆగారో, వాళ్లమ్మ ఎలా అందుకుందో చెప్పాను. తల వంచుకుని విన్నాడు.

"ఇన్నేండ్లు ఒకే ఇంట్లో ఉన్న్యాము. ఒక్కసారన్నా పాడమని అడగలేదన్నా నేను" అన్నాడు.

ఎండలు ముదరకముందే అతనికి కూడా ఎగ్జిట్ పడింది. దమ్మాం ఎయిర్‌పోర్టుకు నేనే తోడు వెళ్లాను. దారిలో, దిగగానే ముందు నాయనను పూడ్చిన ఖబరస్తానుకు పోయి, ఆ తర్వాతే ఇంటికి పోతానన్నాడు.