తువాలు కింది బేరం

మొన్న ఎమ్మిగనూరులో మా మనవరాలు చదివే కాలేజీకి ఒక లాయరమ్మ వచ్చి సమానత్వపు చట్టాల గురించి మాట్లాడిందట. ఆడదనో, ఫలానా కులమనో ఎవరినీ అంగట్లోకి రావద్దనకూడదని రాజ్యాంగంలోనే రాసి ఉందని ఆ పిల్ల నాకేదో కొత్త సంగతి చెప్పినట్టు చెబుతుంటే నవ్వాగలేదు. ఆ మాటే నేను ఆదోని పత్తి మండీలో, పదిమంది మగవాళ్ళ మధ్య నిలబడి, ఉన్న ఉద్యోగం ఊడుతుందేమోనన్న భయంతోనే అన్నదాన్ని.

మా ఈడువాళ్ళకు వేళ్ళ బేరం గుర్తుండే ఉంటుంది. పత్తి కొనే దలాలీ, రైతూ చేతులు కలిపి పైన తువాలు కప్పుకునేవారు, లోపల ఎన్ని వేళ్ళు నొక్కితే అదే ధర, పక్కవాడికి ఒక్క ముక్క తెలిసేది కాదు. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది గాని, ఆడదాని చెయ్యి పట్టుకుంటే తప్పు, కొన్ని కులాలవాళ్ళ చెయ్యి ముట్టుకుంటే మైల అనుకునే రోజుల్లో వాళ్ళకు ఆ తువాలు కింద చోటే లేదు. వాళ్ళ పత్తిని ఇంకెవరో అమ్మిపెట్టాలి, ఆ ఇంకెవరో చెప్పిందే ధర.

మా మేనత్తది కౌతాళం దగ్గర పల్లె. మామ పోయాక ఆవిడ పత్తిని మరిదే అమ్మిపెడుతూ వచ్చి, చివరికి ఒకనాడు, అమ్ముకోవడం చేతకానిదానికి సేద్యమెందుకు, పొలం నాకు వదిలెయ్యమన్నాడట. అత్త నోటికి ఊళ్ళో జడవనివాళ్ళు లేరు. మర్నాడే బండికి పత్తి ఎత్తించుకుని, నేను కొత్తగా గుమాస్తాగా చేరిన మండీకే నేరుగా వచ్చేసింది.

దలాలీ పత్తి పీకి చూశాడు, పింజ బాగుందన్నాడు, అలవాటుగా తువాలు తీసి, ఎదురుగా ఉన్నది ఆడమనిషని తోచి ఆగిపోయాడు.

"మగోళ్ళనెవురినన్నా పిల్సుకోని రామ్మా, నీ సెయ్యి యెట్ల పట్టుకునేది?"

"సెయ్యెందుకప్పా, దేవుడు నీకి నోరియ్యలేదా?" అంది అత్త.

మండీ అంతా గొల్లుమంది. దలాలీ ముఖం కందగడ్డ చేసుకుని, ఆచారం చెడితే ఈ గడప తొక్కనని అరిచాడు. మండీ యజమాని షావుకారు అత్తను వెళ్ళమనబోతుంటే నేను లేచి, ఇది అంగడి, ఆడదని చెప్పి ఎవరినీ అంగట్లోంచి వెనక్కి పంపకూడదని చట్టముంది, నేను చదువుకున్నానన్నాను. షావుకారు చట్టానికి భయపడ్డాడో, మంచి పత్తి పక్క మండీకి పోతుందని భయపడ్డాడో గాని, ధర పైకే చెప్పమన్నాడు. నా అనుమానం రెండోదే. దలాలీ గొణుగుతూ ఒక ధర చెప్పాడు, అది విన్న ఇంకొకడు ఇంకాస్త పెంచాడు. అత్త తన పత్తి తానే అమ్ముకుంది, పొలమూ ఆవిడ చేతిలోనే నిలిచింది.

ఇదంతా పక్క బండి దగ్గర నిలబడి ఒక పెద్దాయన చూస్తున్నాడు. ఆయనది చర్చికి పోయే కూలి కుటుంబం, సర్కారు ఇచ్చిన పొలం చెక్కలో పండించిన పత్తిని ఇన్నేళ్ళూ ఊరి పెద్ద అమ్మిపెడుతుంటే, తాకితే మైలంటారని దూరంగా నిలబడేవాడు. ఆ రోజు ముందుకొచ్చి, "నాదానికి గూడా నోటితోనే సెప్పండప్పా" అన్నాడు. చెప్పక తప్పలేదు. వేళ్ళ బేరం ఒక్కరోజులో పోలేదు గాని, అడిగినవాళ్ళకు ధర పైకి చెప్పడం మా మండీలో అప్పటినుంచే మొదలైంది. అందులో నా మాటా ఉందని నాకిప్పటికీ గర్వమే, దాచుకోను.

ఇప్పుడు ధరలు ఫోన్లలోనే వస్తున్నాయి, అమ్మేది ఎవరి చెయ్యని చూసే పని లేదు. మంచి కాలమే, కాదనను. అయినా ఆ ధర చూసి తలూపి పోయే ఆడపిల్లలను చూస్తే సంతోషంతోపాటు ఏదో వెలితిగానూ ఉంటుంది. మా అత్త ఉండుంటే ఆ ఫోనుతో కూడా బేరమాడేది.