పాటలోంచి తీసేసిన తలుపు

ఉదయం ఆరున్నరకు ఖమ్మంలో ఎల్బీనగర్ బస్సెక్కాను. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో ఒక ఆఫీసు భవనం కాలిపోయినప్పుడు చనిపోయినవాళ్ల కోసం బృందగానం, ఆర్గాన్ కలిపి కొత్త పాట కట్టారు. అది వినడానికే వెళ్తున్నాను. చనిపోయినవాళ్లలో మా చెల్లెలు స్వాతి ఉంది.

పాట కట్టిన జోయెల్ చర్చిలో ఆర్గాన్ వాయిస్తాడు. కిందటేడు మా ఇంటికొచ్చి, "స్వాతి చివరిసారి ఫోన్ చేసినప్పుడు ఏం వినిపించింది అక్కా?" అని అడిగాడు. పోలీసులకు తప్ప ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పాను. పనిచేసేవాళ్లు మాటిమాటికీ టీకి వెళ్తున్నారని యజమానులు మెట్ల తలుపుకి బయట తాళం వేయించారు. స్వాతి ఏమీ మాట్లాడలేదు. తలుపు బాదుతున్న చప్పుడే వినిపించింది. ముందు చాలా చేతులు, తర్వాత కొన్ని, చివరికి ఒక్కటి.

సూర్యాపేటలో బస్సు ఆగితే ఇడ్లీ తిన్నాను. చట్నీ పులిసిపోయింది. మధ్యాహ్నానికి ఎల్బీనగర్ చేరి, మియాపూర్ మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి రాయదుర్గంలో దిగాను. అక్కణ్నుంచి షేర్ ఆటో. కాలిపోయిన భవనం ఏదని డ్రైవర్ని అడిగాను.

"గదేనమ్మా, నీలం అద్దాలది. మొత్తం కొత్తగ చేసి కిరాయికిచ్చిండ్రు. ఇగ ఎవరికి యాదికుంటది?" అన్నాడు.

మెడలో కార్డులేసుకున్న ఇద్దరు కుర్రాళ్లు నవ్వుకుంటూ లోపలికి వెళ్తున్నారు. మీ మెట్ల తలుపు తెరుచుకుంటుందో లేదో చూసుకున్నారా అని అరవాలనిపించింది.

పాట పాడే హాలు గేటు దగ్గర జోయెల్ ఎదురొచ్చాడు. నా మొహం చూడలేకపోతున్నాడు.

"అక్కా, మూడో భాగం తీసేయమన్నారు."

"ఏ భాగం?"

"తలుపు."

హాలు, ఖర్చు అంతా ఆ భవనం యజమానులదేనని అప్పుడు తెలిసింది. వచ్చినవాళ్ల మనసు పాడవుతుందన్నారట.

"నువ్వు ఒప్పుకున్నావా?"

"లేకపోతే పాటే ఉండదన్నారక్కా."

"మరి నన్నెందుకు అడిగావు? అడిగి, తీసుకెళ్లి వాళ్ల చేతిలో పెట్టావా?"

నేను వెనక్కి తిరిగాను. అక్కడే నిలబడి ఉన్న పెద్దాయన నన్ను ఆపాడు. ఆయన పేరు యాదయ్య, నానక్‌రామ్‌గూడ ఊరివాడే, కూతురు అదే అంతస్తులో పనిచేసేది.

"గింత దూరమొచ్చి ఉత్తగ పోతవా బిడ్డా? వాళ్లకు గదే గావాలె. నా పక్కన కూసో."

నాలుగింటికి మొదలైంది. ముందు సోఫాల్లో యజమానులు, చివరి వరసల్లో మేము. ఆర్గాన్ గంభీరంగా మొదలయ్యేసరికి కుర్చీ చేతులు అదిరాయి. రెండో భాగంలో చనిపోయినవాళ్ల పేర్లు పాడారు. స్వాతి పేరు ఒక ఆడగొంతు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నారు. ఇంత కోపంలోనూ ఏడ్చాను. ఆ వెంటనే, వాళ్లంతా వెలుగులో కలిసిపోయారంటూ చివరి భాగం అందుకున్నారు. సోఫాల్లో తలలు మెల్లగా ఊగుతున్నాయి.

నేను లేచి నిలబడ్డాను. "తలుపేది?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే పెద్దగా వచ్చింది.

పాట ఆగింది. నిర్వాహకుడొకడు పరుగున వచ్చాడు. "మేడమ్, ప్లీజ్ కూర్చోండి."

యాదయ్య కూడా లేచాడు. "ఎందుకు కూసోవాలె? నా బిడ్డ గా తలుపు కాడనే దొరికింది. చెప్పనియ్యి!"

ఆర్గాన్ ముందు కూర్చున్న జోయెల్ మా వైపు చూశాడు. తర్వాత ముందున్న కాగితాలు వెనక్కి తిప్పి, గాయకులకు సైగగా ఒక చెయ్యెత్తాడు. ఆర్గాన్ ఒకే స్వరం పట్టుకుని నిలిచింది. గాయకులు తాము నిలబడ్డ చెక్కమెట్ల మీద మోకాళ్లూని, పిడికిళ్లతో బాదడం మొదలుపెట్టారు. తాళం లేదు, లయ లేదు. చాలా చేతులు, తర్వాత కొన్ని. సోఫాల్లోంచి ఇద్దరు లేచి పక్క తలుపులోంచి వెళ్లిపోయారు. అది తెరిచే ఉంది. చివరి చెయ్యి కూడా ఆగాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

బయట జోయెల్ నా దగ్గరికొచ్చాడు. "ఇక నాకిక్కడ పని ఉండదక్కా. సరిగ్గా వచ్చిందా?"

"లేదు. ఆ ఒక్క చెయ్యి ఇంకా చాలాసేపు కొట్టింది."

అతను తలదించుకున్నాడు. నేను ఓదార్చలేదు.

యాదయ్య, నేనూ ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాం, ఆ మంటల కేసు వాయిదాకి కోర్టుకు కలిసే వెళ్లాలని. తిరుగు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మనసు తేలిక పడలేదు, పడాలనీ లేదు. ఈ పాట ఇంకెక్కడైనా పాడితే తప్పకుండా వెళ్లండి. కానీ లోపలికి వెళ్లేముందు మూడో భాగం ఉందా అని అడగండి. లేదంటే ముందు వరసలోనే కూర్చోండి, వాళ్లు వెలుగు గురించి పాడుతున్నప్పుడు లేచి నిలబడండి.