దిగడానికి భయపెట్టిన విమానం

సాయంత్రం లోకల్ రైలు తిరువళ్ళూరు దాటినాక, నా ఎదురు సీటులోని ముసలాయన సంచిలో నుంచి ఒక కొయ్య విమానం తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాడు. దానికి ఒకదాని మీద ఒకటిగా రెండు జతల రెక్కలు. ముందరుండే చిన్న ఫ్యాను గాలికి గిర్రుమని చప్పుడు చేస్తా తిరగతా ఉంది.

"ఇదేం విమానం అయ్యా?" అని అడిగినాను.

"పాతకాలం యుద్ధవిమానం నాయనా. అప్పట్లో ఇంత స్పీడుగా పోయేది ఇంకొకటి లేదంట. అయితే దిగేటప్పుడు కూడా అదే స్పీడు. అందుకే నడిపేవాళ్ళు భయపడి, దీన్ని షెడ్డులోనే పెట్టేసినారంట. మా కొడుకు చదివి చెప్పినాడు. చేసింది కూడా వాడే."

నడిపే మనిషి కూర్చునే చోటు ఖాళీగా ఉంది.

"మనిషి బొమ్మ పెట్టలేదే?"

"రేపు చెక్కతానన్నాడు."

తిరుత్తణి వచ్చింది. రోజూ ఆవడికి పనికి పోయొచ్చే మాకు రైలు నిలవకముందే దూకడం అలవాటు. నేను లేచినాను. ముసలాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"నిలవనీ నాయనా. వాడూ ఇట్లే దూకినాడు."

నేను కదల్లేదు. రైలు నిలిచింది, కిటికీలో గాలీ నిలిచింది. ఫ్యాను మాత్రం తిరగతానే ఉంది. ఆయన వేలు పెట్టి ఆపలేదు. అదే ఆగేదాకా చూస్తా కూర్చుని, ఆ తర్వాతే నా చెయ్యి వదిలినాడు.

ఆయన్ని మళ్ళీ చూడలేదు. ఇప్పుడు అందరికన్నా కడాకు దిగేది నేనే. రైలు నిలిచినాక కూడా, నా చెవుల్లో ఆ కొయ్య విమానం ఫ్యాను చప్పుడు ఆగేదాకా కాలు బయట పెట్టను.