ముగ్గుపిండితో గీసిన ఖోఖో గీతలు

ఈరోజు మా మొయినాబాద్ బడిలో ఏడో తరగతి ఆడపిల్లలు ఇళ్ల నుంచి ముగ్గుపిండి తెచ్చి ఖోఖో గీతలు గీశారు. నేను వాళ్ల ఆటల టీచర్ని. విజిల్ ఊదేలోపే లెక్కల సారు వచ్చారు.

“మేడం, జర ఈ పీరియడ్ నాకియ్యండి. సిలబస్ ఎనుకబడ్డది. ఆటలేమున్నయి, ఇంటికాడ ఆడుకుంటరు.”

చేవెళ్ల నుంచి వచ్చే మంజుల ఊరుకోలేదు. “ఇంటికాడ యాడ ఆడాలె సార్? పోంగనే బోళ్లు తోమాలె. వాకిట్ల ఉరికితే, ఆడపిల్లవు కాదా అని మా అవ్వ తిడ్తది.”

సారు నవ్వి అందరినీ లోపలికి తీసుకుపోయారు. మంజుల గీతలు తొక్కకుండా పక్కనుంచి నడిచింది. సాయంత్రం స్కూలు బస్సులు వాటి మీదే తిరిగాయి. నాకు ఒళ్లు మండిపోయింది.

మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటిదాన్ని నేనే. నేను పరుగెత్తిందీ బడిలోనే. రేపు లెక్కల పీరియడ్ నాకిమ్మని అడగబోతున్నాను. ఇస్తారంటారా?