చిలకల్ని తోలే ఇంట్లో చిలక జోస్యం

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోట ఉన్నవాడికి చిలక అంటే దొంగ. అందమైన దొంగ, అంతే తేడా. కాయకి రుచి వచ్చిందని మనకంటే ముందు దానికే తెలుస్తుంది. ఒక కాయ పూర్తిగా తిన్నా సరిపెట్టుకోవచ్చు. కాయకో గాటు పెట్టి పోతుంది. అందుకని వేసవి పొడుగునా మా ఇంట్లో ఎవరో ఒకరం తోటలో నిలబడి పాత నూనె డబ్బా మీద కర్రతో వాయిస్తూ ఉండేవాళ్లం. నా మార్కుల మీద ఆ వాయిద్యం ప్రభావం చాలా ఉందని నేనంటాను. నాన్న ఒప్పుకోడు.

అలాంటి ఇంటికి, ఒక ఏడు పూత కాలంలో, అమ్మ చిలక జోస్యం చెప్పే ఆయన్ని పిలిపించింది.

కారణం నాన్న. అంతకు ముందు వేసవిలో, సరిగ్గా కాయ కోతకు వచ్చే వేళకి, ఈదురుగాలి వచ్చి తోటని దులిపేసి పోయింది. చుట్టుపక్కల వాళ్లు పూత మీదే పంటని బేరగాళ్లకి ఇచ్చేసి నిమ్మళంగా ఉన్నారు. కాయ దాకా ఆగుదామన్నది నాన్న ఒక్కడే. అప్పటినుంచి ఆయన ఏ విషయమూ తేల్చి చెప్పడం మానేశాడు. కూరేం చెయ్యమంటారని అమ్మ అడిగితే "నీ ఇష్టం." ఏ చేలో ముందు నీళ్లు పెట్టమంటారని పాలేరు అడిగితే "నీ ఇష్టం." ఇదేదో బాగానే ఉందని, కాలేజీ మానేస్తానని నేను కూడా ఒకసారి అడిగి చూశాను. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆయనకి స్థిరమైన అభిప్రాయం ఉందని తేలింది.

మళ్లీ పూత వచ్చింది. ఆగిరిపల్లి బేరగాడు స్కూటరేసుకుని వచ్చి, తోటంతా తిరిగి, పంట తనకి ఇచ్చెయ్యమన్నాడు. శుక్రవారం వస్తాను, ఏదో ఒకటి చెప్పమన్నాడు. ఇచ్చేస్తే ఇక గాలైనా వానైనా ఆయన పాట్లు ఆయనవి. కానీ ఇచ్చిన రోజు నుంచి కోత అయ్యేదాకా తోట కూడా ఆయనదే. ఆయన కావలివాడు వచ్చి పాక వేసుకుంటాడు. మన చెట్టు కింద రాలిన కాయ మనం వంగి తీసుకోబోతే వాడు ఎక్కడినుంచో దగ్గుతాడు. ఆ చెట్లు నాన్న తన చేతులతో పాతి, కావిళ్లతో నీళ్లు మోసి బతికించినవి. వేసవంతా సొంత తోటకి చుట్టంలా వెళ్లి రావడం ఆయన వల్ల కాదు. ఇంకోసారి గాలికి ఎదురు నిలవడం తన వల్ల అవుతుందో లేదో ఆయనకే తెలియదు. గురువారం పొద్దుటికి కూడా అమ్మకి వచ్చిన జవాబు "నీ ఇష్టం."

దాంతో జోస్యం ఆయన వచ్చాడు. ముసునూరు వైపు మనిషి, మెల్లగా మాట్లాడతాడు. అరుగు మీద గుడ్డ పరిచి, దేవుళ్ల బొమ్మలున్న కార్డులు వరసగా పేర్చాడు. అమ్మ చేటలో బియ్యం తెచ్చి పెట్టింది. వేసవిలో తరిమికొట్టి చలికాలంలో సలహా అడుగుతున్నాం, దానికి గుర్తుండదా అని అమ్మని అడిగాను. లోపలికి పొమ్మంది. గుమ్మం దాకా పోయి ఆగాను.

జోస్యం ఆయన నాన్న పేరు చెప్పి పంజరం తలుపు తీశాడు. చిలక బయటికొచ్చి, నడిచొచ్చి, ముక్కుతో ఒక కార్డు పట్టుకుంది. ఇంతలో దాని రెక్క కొంచెం విచ్చుకుంది. కళ్లముందు ఆకుపచ్చ రెక్క కదిలేసరికి, ఎన్నేళ్ల అలవాటో, నాన్న చప్పట్లు చరిచి "హో" అని ఒక్క కేక పెట్టాడు. తోటలో ఆ చివర చెట్టుకి వినపడేలా పెట్టే కేక అది. చిలక ఎగిరిపడింది. ఒకటి లాగబోయి రెండు కార్డులు లాగేసి, తనంతట తనే పంజరంలోకి పోయింది. చేతనైతే తలుపు కూడా లోపలినుంచి వేసుకునేదే.

నాన్న తన చేతులకేసి చూసుకున్నాడు.

జోస్యం ఆయన రెండు కార్డులూ తిప్పి పెట్టాడు. ఒకటి రాముడి పట్టాభిషేకం. రెండోది వనవాసం. అమ్మ వెంటనే పట్టాభిషేకం తీసి నాన్నకి అందించబోయింది. జోస్యం ఆయన ఆపాడు.

"ఇయ్యాలిక చిలక బయటికి రాదండమ్మా. రెండూ అయ్యగారి పేరు మీదే తీసింది. ఏది తనదో ఆయనే తీసుకోవాలండి."

"నీ ఇష్టం" అనే మాట కోసం నేను ఎదురుచూశాను. ఇది కూడా చిలక ఇష్టానికే వదిలేస్తాడనుకున్నాను. నాన్న రెండు బొమ్మల్నీ పూత చూసినట్టు దగ్గరికి వంగి చూశాడు. చూసి చూసి వనవాసం తీసుకున్నాడు.

"అదేంటండీ, కోరి కోరి కష్టాల కార్డు తీసుకుంటారా?" అంది అమ్మ.

"పట్టాభిషేకంలో ఆయనకి పనేముందే, కూచోటమేగా. ఇక్కడ చూడు, పాక వేసుకున్నాడు, చెట్ల మధ్య ఉన్నాడు. బాగానే ఉన్నాడు."

నెలల తర్వాత ఆయన నోటినుంచి వచ్చిన పెద్ద మాట అది. అమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకునేలా ఉంది. ఇల్లు ఆ దారి పట్టకూడదని, బొమ్మలో రాముడి వెనకాల విల్లు పట్టుకుని నిలబడ్డాయన ఎవరని తెలియనట్టు అడిగాను.

"నువ్వే. రేపట్నుంచి పాకకి తాటాకు మొయ్యి" అన్నాడు నాన్న.

జోస్యం ఆయన మజ్జిగ తాగుతుంటే మిగతా కార్డులు చూస్తానని అడిగాను. ఇచ్చాడు. ఏదో కిటుకు పట్టేద్దామని మొత్తం తిరగేశాను. ప్రతి బొమ్మలోనూ ఎవరికో ఒకరికి ఏదో కష్టం ఉంది, పట్టాభిషేకంలో కూడా ఒక పక్కన ఎవరో ఏడుస్తున్నారు. పూర్తిగా చెడ్డ కార్డు ఒక్కటీ లేదు. మంచిదీ లేదు. రేపేం జరుగుతుందో వాటిలో ఎక్కడా రాసి లేదు. ఇదిగో, ఇలా ఉంటాను అని ఒక మనిషి వేలు పెట్టి చూపించుకోవడానికి మాత్రం పనికొస్తాయి. నాన్నకి అంతకన్నా అక్కర్లేకపోయింది.

శుక్రవారం బేరగాడికి కాఫీ ఇచ్చి, ఈ ఏడు ఇవ్వటం లేదని చెప్పి పంపించాడు.

గాలి ఆ వేసవిలోనూ వచ్చింది. దానికి జోస్యాలతో సంబంధం లేదు. పాక గుంజ ఒకటి నాన్న పట్టుకున్నాడు, ఒకటి నేను పట్టుకున్నాను. గాలి తగ్గాక చూస్తే కిందటేడంత కాదుగానీ బాగానే రాలాయి. చెట్ల మీద కూడా బాగానే మిగిలాయి. రాలిన కాయలు ఏరి బండికెత్తి ఇంటికి తెచ్చాం. నాన్న మళ్లీ "నీ ఇష్టం" దగ్గరికే పోతాడేమోనని నాకు అనుమానం వచ్చింది.

అమ్మకీ వచ్చినట్టుంది. కూరేం చెయ్యమంటారని చాలా మెల్లగా అడిగింది.

నాన్న కాయల కుప్పకేసి చూశాడు.

"మామిడికాయ పప్పు. రేపూ అదే. గట్టివి ఆవకాయకి తీసి, మిగతావి ఒరుగులు కొయ్యండి. ఒరేయ్, నువ్వు డబ్బా పట్టుకుని తోటకి పో, మిగిలినవాటి మీద చిలకలు పడతాయి."

మా ఇంట్లో "నీ ఇష్టం" అనే మాట మళ్లీ వినపడలేదు. నిజం చెప్పాలంటే, పూటపూటా పప్పు తింటున్న ఆ రోజుల్లో, ఒక్కసారి వినపడితే బావుండునని నాకే అనిపించింది.