మోదు జూఫ్ గడ్డి

గాంబియాలో ఫుట్‌బాల్ స్టేడియం మాలి, ముసలి మోదు జూఫ్ పెంచినంత మెత్తటి గడ్డి ఇంకెవరూ పెంచలేదు. దాని మీద పడుకున్న పొట్టేలు ఒకటి బక్రీదు వెళ్లేదాకా లేవలేదు. ఆఫ్రికా కప్పు అర్హత పోటీని ఆ గడ్డి మీద చూడాలన్నదే ముసలాడి ఆశ. తనిఖీకొచ్చినవాళ్లు గడ్డిని మెచ్చుకుని, ఆటగాళ్ల గదుల్లో నీళ్లు రావడం లేదని స్టేడియమే పనికిరాదన్నారు. సొంతగడ్డ మీద ఆడాల్సిన ఆట పరాయి దేశానికి పోయింది.

సెరేర్ జాతిలో జూఫ్ ఇంటిపేరువాళ్లని జోలా జాతిలో బాజీ ఇంటిపేరువాళ్లు సరదాకి ఎగతాళి చెయ్యడం అక్కడి ఆచారం, శవం దగ్గరైనా మానరు. టీకొట్టు అన్సు బాజీ రోజూ, "ఏరా నా బానిసా, ఈ మేతంతా నీకేనా?" అనేవాడు. ఆ సాయంత్రం మాత్రం టీ గ్లాసు చేతికిచ్చి, "తాగన్నా" అన్నాడు.

"తిట్టరా అన్సూ," అన్నాడు మోదు.

అన్సు తల దించుకున్నాడు. చావింట్లో కూడా ఆగని ఆ నోరే ఆగిపోయాక, తను బతికుండగా ఇక్కడ ఆట జరగదని మోదుకి అర్థమైంది.